కుర్చీకి కూతుళ్లుండరు

"ఎంతైనా ఆయనా ఒక ఆడపిల్ల తండ్రే కదండీ!"

మొన్న ఢిల్లీలో ఒక తెలుగువారి విందులో, పెద్ద హోదా వెలగబెట్టి రిటైరైన ఒకాయన ఇచ్చిన తీర్పు ఇది. ముద్దాయి ఒక వివాహ అధికారి. మతాలు వేరైన జంట పెళ్లి నోటీసు ఇవ్వబోతే, కాగితాలు చూడ్డం మానేసి అమ్మాయి తండ్రి ఫోన్ నంబరు అడిగాడట. అందులో తప్పేముందని ఈయన ప్రశ్న. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఊపడం ఇష్టంలేనివాళ్లు పులిహోర బాగుందన్నారు.

నాకు ఆ అధికారి మీదకన్నా ఈ తలూపుళ్ల మీదే ఎక్కువ మంట. చట్టం చట్టమేగానీ అధికారికీ ఓ మనసుంటుంది, నమ్మకాలుంటాయి, వాటిని గడప బయట విడిచి రమ్మంటే ఎలా అనడం ఇప్పుడు మర్యాదస్తుల మాటైపోయింది. ఎలా ఏమిటి? చెప్పులు విడిచి గుళ్లోకి వెళ్లడంలేదూ! జీతం పుచ్చుకుంటున్నది ఆ సంతకం పెట్టడానికే.

ప్రత్యేక వివాహ చట్టం 1954లో వచ్చింది. వరుడికి 21, వధువుకు 18 నిండాయా, బతికున్న భార్యో భర్తో ఉన్నారా, సమ్మతి చెప్పగల మానసిక స్థితిలో ఉన్నారా, నిషిద్ధ బంధుత్వమేమైనా ఉందా. అధికారి చూడాల్సింది ఇంతవరకే. నాన్నగారికి తెలుసా అన్న ప్రశ్న అందులో ఏ మూలా లేదు. 1872 నాటి పాత చట్టం కింద పెళ్లాడాలంటే నేను హిందువును కాను, ముస్లింను కాను, క్రైస్తవుణ్ణి కాను అని రాసివ్వాల్సి వచ్చేది. ఆ అవమానాన్ని పూర్తిగా తుడిచెయ్యడానికి మనకు ఎనభై ఏళ్లు దాటింది. ఇప్పుడు దాన్ని ఏ గెజెట్టూ లేకుండా ఒక మనిషి తన బల్ల దగ్గర మళ్లీ ప్రవేశపెడుతున్నాడు.

పైగా ఈ మనసు ఎప్పుడు మేలుకుంటుందో చూడండి. కట్నం 1961 నుంచి నేరం. కారూ ఫ్లాటూ పుచ్చుకుని, సూటు మడత నలగకుండా పెళ్లి రిజిస్ట్రేషనుకు వచ్చి నిలబడ్డ అల్లుడుగార్ని ఏ అధికారైనా "బాబూ, ఎంత తీసుకున్నావు?" అని అడిగాడా? అడగ్గా మీరెవరైనా విన్నారా? అప్పుడు ఆయన ఆడపిల్ల తండ్రి కాడా? అక్కడ హాయిగా నిద్రపోయి, అబ్బాయి పేరు వేరే మతంలో వినపడగానే ఉలిక్కిపడి లేచేదాన్ని అంతరాత్మ అనమంటున్నారు.

ఇక ఆ ఫోన్ కాల్ సంగతి. తండ్రికి చెప్పడం మంచికేనట. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడ ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య కళ్లముందే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. ఆ కేసులో మొదటి నిందితుడు అమ్మాయి తండ్రి. ఆయన తీర్పు రాకముందే పోయాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆయనా ఆడపిల్ల తండ్రే కదండీ.

2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకు రక్షణ గృహాలు పెట్టమంది. ఢిల్లీ ప్రభుత్వం కింగ్స్‌వే క్యాంపులో ఒకటి పెట్టింది. కులాంతర వివాహాలకు, ఇద్దరిలో ఒకరు ఎస్సీ అయితే, కేంద్రం సొమ్ముతో ప్రోత్సాహకం ఇచ్చే పథకమూ ఉంది. అంటే ఒక శాఖ డబ్బిచ్చి దీవిస్తుంది, ఇంకో శాఖ తల్లిదండ్రులకు దొరక్కుండా దాచిపెడుతుంది, మూడో శాఖ ఆ తల్లిదండ్రులకే ఫోన్ చేస్తుంది.

చట్టంలోనే చేటు ఉంది, కాదనను. గుంటూరు అమ్మాయి ఢిల్లీ కరోల్‌బాగ్‌లో అద్దెకుంటూ ఇక్కడ నోటీసిచ్చిందనుకోండి. 6వ సెక్షను ప్రకారం దాని నకలు గుంటూరుకూ వెళ్తుంది, అక్కడి ఆఫీసు గోడకూ ఎక్కుతుంది. నోటీసు గడువు ముప్ఫై రోజులు. తెలిసినవాడెవడో ఇంటి రిజిస్ట్రేషనుకో ఇంకో పనికో వచ్చి చూడకపోతాడా! ఇది చాలదన్నట్టు అధికారులు సొంత కొసరు వేస్తూ వచ్చారు. ఢిల్లీలో నోటీసును నేరుగా ఇంటికే పోస్టు చేసేవారు, చిరునామా సరిచూడమని పోలీసులను పంపేవారు. 2009 ఏప్రిల్లో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి రవీంద్ర భట్ అది కూడదన్నారు. పెళ్లికే కాదు, ఒక్కోసారి ప్రాణానికే ముప్పని ఆయన గుర్తుచేయాల్సి వచ్చింది. గురుగ్రామ్‌లో అయితే హర్యానా ప్రభుత్వం పదహారు షరతుల జాబితా తయారుచేసి పెట్టింది. తల్లిదండ్రులకు నోటీసు, పత్రికలో ప్రకటన కూడా అందులో ఉన్నాయి. 2018లో పంజాబ్ హర్యానా హైకోర్టు చీవాట్లు పెట్టి దాన్ని సవరించమంది. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు జంట కోరితేనే నోటీసు ప్రకటించాలంది. ఆ మాట నోయిడాకూ గాజియాబాద్‌కూ వర్తిస్తుంది, ఢిల్లీ సరిహద్దు దాటితే కాదు. మెట్రో బ్లూ లైన్లో నాలుగు స్టేషన్లు ప్రయాణిస్తే పెళ్లి హక్కు మారిపోతుంది.

కొంతమంది ఎత్తిచూపని ముక్క ఒకటుంది. అదే చట్టం 46వ సెక్షను. నోటీసు ప్రకటించకుండానో, ముప్ఫై రోజులు గడవకుండానో తెలిసి తెలిసి పెళ్లి జరిపించిన అధికారికి ఏడాది దాకా జైలు. మరి అన్నీ సరిగ్గా ఉన్నా పెళ్లి జరిపించని అధికారికి? ఆ చట్టంలో శిక్ష వెతికితే కనపడదు. దురుద్దేశంతో అభ్యంతరం పెట్టినవాడికి మహా అయితే వెయ్యి రూపాయల ఖర్చులు వడ్డిస్తారు. తొందరపడితే జైలు, తొక్కిపెడితే ప్రమోషను. దీంట్లో ఏ నమ్మకం పెరుగుతుందో వేరే చెప్పాలా?

తొక్కిపెట్టడం కూడా ఎంత నేర్పుగా! "నేను చెయ్యను" అని ఎవరూ అనరు. అంటే ఆదేశం అవుతుంది, అభ్యంతరాన్ని ఒప్పుకుని ఇచ్చిన ఆదేశమైతే 8వ సెక్షను కింద ముప్ఫై రోజుల్లో జిల్లా కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. అందుకని "కల్ ఆనా". రేపు వెళితే "సాబ్ సీట్ పే నహీ హై". ఎల్లుండి అద్దె ఒప్పందం మీద స్టాంపు సరిగ్గా పడలేదు. ఆ తర్వాత ఒక సాక్షి ఆధార్‌లో తండ్రి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పదో తరగతి మార్కుల జాబితాలో పూర్తిగా ఉంది. ఇంతలో సెక్షను 14 ప్రకారం మూడు నెలలు దాటితే నోటీసు చెల్లదు, మళ్లీ మొదటికి. కాగితం మీద ఎవరూ ఎవరినీ కాదనలేదు. ఇంత పిరికి అంతరాత్మను నేనెక్కడా చూడలేదు.

అమెరికాలో కీత్ బార్డ్‌వెల్ అని ఒక న్యాయాధికారి ఉండేవాడు, లూసియానా రాష్ట్రంలో. 2009 అక్టోబరులో ఒక తెల్ల అమ్మాయి, నల్ల అబ్బాయి పెళ్లి లైసెన్సు అడిగితే ఇవ్వనన్నాడు. అక్కడి సుప్రీంకోర్టు లవింగ్ కేసులో వర్ణాంతర వివాహాల మీద నిషేధాన్ని కొట్టేసి అప్పటికి నలభై రెండేళ్లు. నాకు ద్వేషం లేదు, పుట్టబోయే పిల్లల గురించే బెంగ అన్నాడు. విన్నారా, అచ్చం మన విందుపెద్దమనిషి గొంతే! అయినా ఆ మహానుభావుణ్ణి ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. చెయ్యనన్న మాట బాహాటంగా చెప్పాడు. కనక దేశమంతా తిట్టింది, నెల తిరగకుండా పదవి వదులుకున్నాడు.

ఇక్కడో? 2018 జూన్‌లో లక్నో పాస్‌పోర్టు కార్యాలయంలో మతం ప్రస్తావన తెచ్చి ఒక అధికారి అవమానించాడని మతాంతర దంపతులు ఫిర్యాదు చేశారు. పాస్‌పోర్టులు మర్నాడే వచ్చాయి, అధికారిని బదిలీ చేశారు. తిట్లు మాత్రం అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్‌కు పడ్డాయి, అదీ తన పార్టీ అభిమానుల నుంచే. ఈ తిట్లు మీకు సమ్మతమేనా అని ఆవిడ ట్విటర్‌లో అడిగితే 43 శాతం సమ్మతమేనన్నారు. ఆ 43 శాతంలో ఎంతమంది రోజూ పొద్దున్నే ఏదో ఒక ప్రభుత్వ బల్ల వెనక కూర్చుంటారో!

వాళ్లను తయారుచేసే చోటు మా ఇంటికి దూరమేం కాదు. ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో మన పిల్లలు గుంపులు గుంపులుగా సివిల్స్‌కు చదువుతుంటారు. 2013 నుంచి మెయిన్స్‌లో ఎథిక్స్ పేపరు ఉంది, 250 మార్కులు. "మీ వ్యక్తిగత విశ్వాసానికీ చట్టానికీ ఘర్షణ వస్తే ఏం చేస్తారు?" అంటే రెండు రంగుల్లో అండర్‌లైన్ చేసి, ఒక బొమ్మ గీసి, గాంధీని ఒకసారి తలచి, రాజ్యాంగ నైతికత అని ముగిస్తారు. మార్కులు పడతాయి. ఆ జవాబు ఆ పేపరుతోనే పాత సామాన్లకు వెళ్లిపోతుంది.

గాంధీని తలచారు కాబట్టి ఆయన చేసిందే చెబుదాం. గోరా నాస్తికుడు. తన పెద్దకూతురు పెళ్లి ఒక దళిత యువకుడితో నిశ్చయించుకుని గాంధీ ముందుకు వెళ్లాడు. గాంధీకి దేవుడు లేనిదే పొద్దు గడవదు. అయినా సేవాగ్రాంలో తానే జరిపిస్తానన్నాడు, ప్రమాణంలో దేవుడి బదులు సత్యం అని పెట్టడానికీ ఒప్పుకున్నాడు. ఈలోగా గాంధీ హత్య జరిగింది. 1948 మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రాంలోనే జరిగింది. గాంధీకి ప్రభుత్వ జీతం కూడా లేదు సుమా.

లవ్ జిహాద్ అంటారా? 2020 ఫిబ్రవరిలో హోం శాఖ సహాయమంత్రిగా మన కిషన్‌రెడ్డి గారే లోక్‌సభకు రాసిచ్చారు, చట్టాల్లో ఆ మాటకు నిర్వచనం లేదని, కేంద్ర సంస్థల దృష్టికి అలాంటి కేసు రాలేదని. వయసు తొందర అంటారా? పద్దెనిమిదేళ్ల పిల్ల ఓటుతో ప్రభుత్వం ఏర్పడితే తొందర కాలేదు. అధికారులందరూ అలా ఉండరంటారా? ఉండరు. ఉండనివాళ్ల గురించి నేను రాయడంలేదు.

మరి ఏం చేద్దామంటారా? నోటీసు ప్రకటన ఎత్తెయ్యాలి. అది పార్లమెంటు చేయాల్సిన పని, చేసేదాకా బతికుంటే చూద్దాం. ఈలోగా వెనక్కి పంపిన ప్రతి జంట చేతిలో అదే రోజు ఒక చీటీ పెట్టాలి. ఏ సెక్షను కింద, ఏ లోపానికి పంపారో, పంపినవాడి పేరు, హోదా, తేదీ, సంతకం. ఎవరు అమలుచేస్తారు, చెయ్యకపోతే ఎవరు అడుగుతారు అన్నది చట్టం చదివినవాళ్లు తేల్చుకోవాలి. నిజంగానే మనసొప్పని అధికారి ఉంటే చేరిన రోజే ఈ సీటు నాకొద్దని రాసిచ్చి భూమి రికార్డుల విభాగానికి పోవచ్చు. సర్వే నంబర్లు ప్రేమించుకోవు.