దిగితే చాలునా?

గడచిన ఆదివారం నరసరావుపేటనుంచి మా మేనల్లుడు వచ్చాడు. అక్కడ ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. సంచీలోంచి అరచేయంత పచ్చపలక ఒకటి తీసి, “మామయ్యా, దీనికి తోడు ఒక కార్డు కొనాలి. నాన్నతో నువ్వు చెబితే కాదనడు,” అన్నాడు.

వాళ్ల నాన్న, అంటే మా బావగారు, గురజాల దగ్గర మిరప వేస్తారు. కల్లంలో ఎండిన కాయల్లోంచి తాలుకాయలు ఏరడం ఎంత చాకిరో పల్నాటివారికి వేరే చెప్పాలా? ఆ ఏరే పనిని కెమేరాకు నేర్పాలని వీడి ప్రయత్నం. ఆలోచన ముచ్చటైనదే. కాని కార్డు ఖరీదు విన్నాక నాకు గొంతు తడారిపోయింది. ఆ డబ్బు మిరప అమ్మకంలోంచి రావాలి. పైగా సీలు విప్పితే కొట్టువాడు తిరిగి తీసుకోడట!

ఆ పచ్చపలక పేరు ఎఫ్.పి.జి.ఎ. బోర్డు. మామూలు చిప్పు పుట్టుకతో వచ్చిన పనే చేస్తుంది. ఇందులోని చిప్పుకు మాత్రం లోపలి అల్లికను మనమే ఎన్నిసార్లయినా మార్చి రాసుకోవచ్చు. 1985లో జైలింక్స్ అనే అమెరికా కంపెనీ ఇలాంటిదాన్ని మొదట అమ్మకానికి తెచ్చింది. 2022లో ఆ కంపెనీ ఎ.ఎం.డి.లో కలిసిపోయింది. బోర్డుకు తగిలించే చిన్నదాన్ని ఇంగ్లీషువారు ‘కూతురు కార్డు’ అంటారు. నన్నడిగితే అది కోడలు. ఒక కంపెనీలో పుట్టి మరొక కంపెనీ బోర్డుమీద మెట్టేది కూతురెలా అవుతుంది? కోడలన్నాక పొంతన చూడవద్దూ!

“ఇది సరిపడుతుందని నీకెలా తెలుసురా?” అన్నాను.

“కనెక్టరు ఒకటే మామయ్యా. ఇట్టే దిగుతుంది.”

దిగుతుంది! నిరుడు నేనూ ఇలాగే, ముల్లు చక్కగా దిగింది గదా అని, 12 వోల్టుల ఎడాప్టరును 5 వోల్టుల స్పీకరుకు తగిలించాను. పాట రాలేదు, పొగ వచ్చింది.

“నోటుపుస్తకం తియ్యి,” అన్నాను. వాడు కాగితాలు చదవడం, నేను ప్రశ్నలు వెయ్యడం. భోజనాలవేళకు మూడు పొంతనలు తేలాయి.

మొదటిది మూతి. గుంటూరు - మాచర్ల లైను ఒకప్పుడు మీటరుగేజి. పట్టాల మధ్య ఎడం 1,000 మిల్లీమీటర్లు. బ్రాడుగేజికి 1,676. ఒకదాని పెట్టె రెండోదానిమీద నడవదు. అలాగే ఆల్టెరావారి హెచ్.ఎస్.ఎం.సి. మూతిలో ఎఫ్.ఎం.సి. కార్డు దూరదు. ఇది కంటికే తెలుస్తుంది గనక భయం లేదు.

రెండోది పిన్నులు. ఎఫ్.ఎం.సి.లోనే 160 పిన్నులది ఒకటి, 400 పిన్నులది ఒకటి. రెండూ ఒకదానిలో ఒకటి దిగుతాయి. 160 పిన్నుల కార్డుకు 400 పిన్నుల బోర్డుమీద చోటుంటుంది. తిరగేస్తేనే చిక్కు: 240 పిన్నులు పిలిచినా అవతల పలికేవారుండరు. అంతేకాదు, 400 పిన్నుల మూతి పెట్టినంతమాత్రాన బోర్డు చేసినవారు అన్నింటి వెనకా తీగ లాగి ఉంటారని నమ్మరాదు.

మూడోది వోల్టులు. కొంపలు ముంచేది ఇదే. చిప్పులో కొన్ని పిన్నుల గుంపులు 3.3 వోల్టులదాకా ఓర్చుకుంటాయి. కొన్ని 1.8 దాటితే ఓర్వలేవు, చిప్పే పాడవవచ్చు. ఎఫ్.ఎం.సి. కార్డుమీద తనకెన్ని వోల్టులు కావాలో చెప్పే చిన్న జాతకం రాసి ఉంటుంది. దాన్ని చదివి కరెంటు ఇచ్చే బోర్డులున్నాయి. చదవని బోర్డయితే చూసుకోవలసినది మనమే.

తీరా చూస్తే వాడు మెచ్చినది 400 పిన్నుల కార్డు, వాడి బోర్డు 160! కెమేరా తీగలు కొన్ని ఆ లేని 240లోనే ఉన్నాయి. పిల్లవాడి మొహం చిన్నబోయింది.

సాయంత్రానికి మరొక కార్డు వెతికాడు. పుస్తకంలో నాలుగు గళ్లు గీశాం: పిన్ను నెంబరు, కార్డు దానికిచ్చిన పని, బోర్డులో అది చేరే చోటు, వోల్టులు. ముందు కరెంటు పిన్నులు, గ్రౌండు పిన్నులు, ఆ తరువాత మిగిలినవి వరసగా టిక్కు పెట్టుకుంటూ వచ్చాం. ఒక్క గడీ ఖాళీగా ఉన్నా కొనేది లేదన్నాను. ఉండలేదు.

అప్పుడు బావగారికి ఫోను చేశాను. అంతా విని ఆయన, “కార్డుకే ఇంత పొంతన చూశావు, రేపు వాడి సంబంధాలూ నువ్వే చూడవయ్యా,” అన్నారు.

డబ్బు మర్నాడు వచ్చింది.