ఆడుకునే హక్కు ఆడపిల్లకు లేదా?

ఆడది తిరిగి చెడుతుంది, మగాడు తిరక్క చెడతాడని మనకొక సామెత ఉంది. షాపింగ్ మాల్‌లోని వీడియో గేమ్ జోన్ గురించి మాట్లాడాలన్నా ఈ సామెత దగ్గర్నించే మొదలుపెట్టాలి. ఆ ఆటలు పిల్లల్ని పాడుచేస్తున్నాయనే చర్చంతా మగపిల్లల చుట్టూనే తిరుగుతోంది. వాళ్ళు బడి ఎగ్గొడుతున్నారని, డబ్బు తగలేస్తున్నారని అందరికీ దిగులే. ఆడపిల్ల అక్కడ ఎందుకు కనిపించదని మాత్రం ఎవరూ అడగరు.

1990లలో మధిర లాంటి చిన్న పట్టణాల్లో వీడియో గేమ్ అంటే ఇరుకు గది, ఒక టీవీ, రెండు జాయ్‌స్టిక్‌లు, గంటకింతని అద్దె. అది మగపిల్లల అడ్డా. 1995లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి పార్లర్లకు లైసెన్సు ఉండాల్సిందేనని, అదృష్టం మీద నడిచే యంత్రాలు జూదం కిందికి రావచ్చని తేల్చింది. జూదం మీద ఆ అదుపు అవసరమే. కానీ సగం మంది పిల్లలు గడప తొక్కలేని చోటు గురించి ఆలోచించాల్సింది జూదం ఒక్కటేనా?

ఇది మన ఊళ్ళ సమస్య మాత్రమే కాదు. 1980లో జపాన్‌లో పాక్‌మాన్ ఆటను రూపొందించిన తోరు ఇవాతాని, గేమ్ సెంటర్లు మగవాళ్ళతో నిండి ఉండేవని, ఆడవాళ్ళు కూడా రావాలనే ఆ ఆటను తయారుచేశానని చెప్పాడు.

ఇప్పుడు మాల్ వచ్చింది. ఏసీ, వెలుతురు, వాకిట్లో సెక్యూరిటీ ఉన్నాయి కనుక కుటుంబాలు ఆడపిల్లల్ని కూడా తీసుకెళ్తున్నాయి. మధిరలో రైలెక్కితే ఒకవైపు ఖమ్మం, మరోవైపు విజయవాడ. కానీ ఆడపిల్ల తనంతట తాను వెళ్ళగలదా? అన్నో, నాన్నో, భర్తో వెంట ఉండాలి. కార్డులో డబ్బు వేయించేది వాళ్ళే. తల్లి మాత్రం సంచులు పట్టుకుని పక్కన కూర్చుంటుంది. మరి మధిర చుట్టుపక్కల మిరప కోతలకు పోయే అమ్మాయి సంగతేమిటి? కూలి ముగించుకుని వచ్చి అంట్లు తోమే ఆ పిల్లకు ఆట అన్న మాటే దూరం. మాల్ తలుపు డబ్బున్న ఇంటి ఆడపిల్లకు సగం తెరుచుకుంది, పేదింటి పిల్లకు అదీ లేదు.

రక్షణ కోసమే ఆపుతున్నామంటారు. ఆపేవాళ్ళెవరూ అసలు రక్షణ గురించి అడగరు. 2024 మే 25న రాజ్‌కోట్‌లో ఒక గేమ్ జోన్ తగలబడి పిల్లలతో సహా 27 మంది చనిపోయారు. దానికి అగ్నిమాపక శాఖ అనుమతే లేదు. బయటికి దారి, తగిన వెలుతురు, శుభ్రమైన మరుగుదొడ్డి, ఫిర్యాదు వినే మనిషి - రక్షణ అంటే ఇవి. ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం కాదు.

చట్టం మన వైపు కొంత ఉంది. పని స్థలాల్లో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం అక్కడ టికెట్లిచ్చే అమ్మాయికే కాదు, ఉద్యోగి కాకపోయినా అక్కడ వేధింపుకు గురైన ఏ స్త్రీకైనా ఫిర్యాదు హక్కు ఇస్తుంది. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట జిల్లా స్థాయి కమిటీకి చెప్పుకోవచ్చు. ఈ సంగతి ప్రతి గేమ్ జోన్‌లో తెలుగులో బోర్డు పెట్టి చెప్పించాలి. బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను హక్కుగా గుర్తించింది. స్త్రీలపై వివక్ష నిర్మూలన ఒడంబడిక 13వ అధికరణం వినోదంలో, క్రీడల్లో సమాన హక్కు ఉందంటోంది. మన దేశం మొదటిదాన్ని 1992లో, రెండోదాన్ని 1993లో అంగీకరించింది.

కాబట్టి మన సంఘాలు గేమ్ జోన్ మూయించమని కాదు అడగాల్సింది. డబ్బు లేని ఆడపిల్ల కూడా భయం లేకుండా ఆడుకునే మైదానం, దీపాలు, మరుగుదొడ్లు ఇమ్మని మునిసిపాలిటీని అడగాలి. ఇంట్లో అంట్లు అన్నాతమ్ముళ్ళు కూడా తోమాలని మనమే చెప్పాలి. తీరిక లేని పిల్లకు మైదానం ఉన్నా లేనట్టే.