చెంచుల మాటకు సభ యేది?

తుంగభద్ర యొడ్డునున్న రాజోలికిని, అమ్రాబాదు అడవులలోని చెంచు పెంటలకును 2016 వరకు జిల్లా యొక్కటే: మహబూబునగరము. అయినను పరిపాలనలో రెంటిని ఒక్క గాటను కట్టరాదు. మైదానపు గ్రామమునకు పంచాయతి చాలును. పెంట యనగా కొద్ది కుటుంబముల గూడెము. తగవు వచ్చినచో పెద్దమనిషి నలుగురిని కూర్చుండబెట్టి తీర్చును. అట్టి పెంటను పెద్ద పంచాయతిలో కలిపినచో, ఓట్ల లెక్కలో చెంచుల మాట మునిగిపోవును.

ఈ చిక్కును 1996 నాటి పెసా చట్టము గుర్తించినది. షెడ్యూలు ప్రాంతములలో తన యాచారము ననుసరించి తన వ్యవహారములు నడుపుకొను గూడెము సైతము గ్రామమే. దానికి గ్రామసభ యుండవలెను. అడవిపై హక్కుల నిర్ణయమును ఆరంభించు నధికారమును 2006 నాటి అటవీ హక్కుల చట్టము గ్రామసభకే యిచ్చినది. ఆదిమ తెగల ఆవాస ప్రాంతమునకు సామూహిక హక్కును కూడ చెప్పినది.

2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియము త్రవ్వకములు వలదని తీర్మానించినది. మంచిదే. కాని నేడు వలదన్న శాసనసభ రేపు సరే యనవచ్చును. తమ యడవిని గూర్చిన మాట పెంటలోని సభ తానే చెప్పి, ఆ మాట చెల్లిననాడే అది స్వపరిపాలనము. అంతవరకు చెంచులకు దక్కునది దయయే గాని హక్కు కాదు.