తుపాకులకు ధర్మకర్తలు

ట్రస్టు అనగానే మనవారికి సత్రములు, పాఠశాలలు, దేవాలయపు మాన్యములు జ్ఞప్తికి వచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో తుపాకులకు సైతము ట్రస్టులు గలవనిన చదువరులు వింతపడుదురు. కాని ఒక సొత్తును పరుల మేలుకొఱకు కాపాడు పూచీయే ట్రస్టు. ఆ పూచీ తుపాకి విషయమున నిలుచునా యనునదే ప్రశ్న.

అచటి 1934వ సంవత్సరపు జాతీయ ఆయుధ చట్టము మరతుపాకులను, పొట్టిగొట్టపు తుపాకులను, చప్పుడణచు సైలెన్సరులను రిజిస్టరు చేయింపవలెనని శాసించి, బదిలీకి 200 డాలర్ల పన్ను విధించెను. అట్టి ఆయుధము ఒక వ్యక్తి పేర నున్నచో, దానిని వశమున నుంచుకొను హక్కు అతనిదే. అతడు ఊర లేనప్పుడు పెట్టె తాళపుచెవి భార్యచేత నున్నచో, ఆమె తెలియకయే నేరమున చిక్కుకొనవచ్చును. ట్రస్టు పేర నున్నచో ధర్మకర్తలందఱును దానిని ఉంచుకొనవచ్చును. ట్రస్టు కర్త గతించిన పిదప, వీలునామా కోర్టుకెక్కు శ్రమ లేకయే, ప్రభుత్వానుమతిపై అది లబ్ధిదారులకు చేరును. ఇది న్యాయమైన ప్రయోజనము.

కాని 2016 వఱకు మఱియొక ప్రయోజనము కూడ ఉండెను. వ్యక్తి దరఖాస్తు పెట్టుకొన్నచో వ్రేలిముద్రలు, ఛాయాచిత్రము, స్థానిక పోలీసు అధికారి సంతకము కావలసియుండెను. ట్రస్టునకు ఇవేవియు అక్కఱలేదు. సంతకము చేయుట అధికారి చిత్తముపై నుండుటచే నిర్దోషులును ట్రస్టు నాశ్రయించిరన్న వాదము నిజమే. అయినను మనుష్యుడు చూపవలసిన ముఖమును కాగితము దాచుట ధర్మము కాదు. 2016 జూలై 13 నుండి అమలైన నిబంధన రెండు లోపములను సవరించెను. బాధ్యులందఱును వ్రేలిముద్రలు, చిత్రములు సమర్పింపవలెను. పోలీసు అధికారికి తెలియజేసిన చాలును, అతని సమ్మతి అక్కఱలేదు. ఇది సమంజసమని మా అభిప్రాయము.

మేము ఆయుధద్వేషముతో పలుకుటలేదు. 1878 నాటి ఆయుధ చట్టము దొరలకు మినహాయింపులిచ్చి భారతీయులను నిరాయుధులను గావించిన అవమానమును మన జాతి మఱువలేదు. కనుకనే 1931లో కరాచీ కాంగ్రెసు ఆయుధధారణమును పౌరహక్కులలో చేర్చెను. నియమములకు లోబడి యను మాటయు అందే చేర్చెను. హక్కును నియమమును విడదీయరాదన్న ఆ వివేకము అన్ని దేశములకును వర్తించును.

2026 జనవరి 1 నుండి సైలెన్సరులపైనను పొట్టిగొట్టపు తుపాకులపైనను ఆ పన్ను సున్న యయ్యెను, మరతుపాకులపై నిలిచియున్నది. రిజిస్టరు, విచారణ మాత్రము తొలగలేదు. ధనపు కంచె తొలగినచోట ధర్మకర్తల శీలమునకు విలువ హెచ్చును.

అమెరికాలో స్థిరపడిన ఆంధ్రులకు ఒక హెచ్చరిక. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై నున్నవారు, కొన్ని మినహాయింపులు దప్ప, తుపాకి కలిగియుండరాదు. ట్రస్టులో పేరు చేర్చినంత మాత్రమున ఆ నిషేధము పోదు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రములు సైలెన్సరును సామాన్య పౌరులకు నిషేధించినవి. ట్రస్టు అచటను రక్షింపదు. స్నేహముకొఱకో బంధుప్రీతికొఱకో బావమఱదిని ధర్మకర్తగా వ్రాయువారు, అతని కోపమును, త్రాగుడును, ఇంటనున్న పిల్లలను ముందు తలపోయవలెను. పత్రము వ్రాయుటకు వకీలు చాలును. పేరు ఎన్నుటకు వివేకము కావలెను.