మహర్: ఒక్క అక్షరం తేడా

నిఖానామాలో మహర్ పక్కన రాసే రెండు మాటలు వినడానికి ఒకేలా ఉంటాయి. 'ముఅజ్జల్' అంటే భార్య అడిగిన వెంటనే చెల్లించవలసినది. 'మువజ్జల్' అంటే ఒప్పుకున్న గడువుకు, లేదా తలాక్‌తోనో మరణంతోనో వివాహబంధం ముగిసినప్పుడు చెల్లించవలసినది. గడువున్నంత మాత్రాన అది మాఫీ కాదు, భర్త మీద అప్పే. అతను మరణిస్తే ఆస్తి పంపకానికి ముందే ఆ అప్పు తీర్చాలి. భార్యకు వచ్చే వారసత్వ వాటా వేరు.

అయినా జనాజా దగ్గర ఏడుస్తున్న ఇల్లాలి చేత 'మాఫ్ చేశాను' అనిపించే ఆచారం మనలో ఇంకా ఉంది. శోకంలో చెప్పించిన అటువంటి మాఫీ చెల్లదని 1920లోనే కలకత్తా హైకోర్టు తీర్పునిచ్చింది. ఖాజీ గారూ, పెద్దలారా! సంతకానికి ముందే ఆ మాటకు అర్థమేమిటో వధువుకు తెలుగులో చెప్పండి.