అబ్బాజాన్‌కు రిపోర్టు దాచకండి

ఇంట్లో పెద్దవాళ్లకు కేన్సర్ అని తేలగానే మనం చేసే మొదటి పని రిపోర్టు దాచడం. ‘అబ్బాజాన్ తట్టుకోలేరు’ అంటాం. నీయత్ మంచిదే. కానీ క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా అనే ఖూన్ బీమారీలో ఈ దాపరికం నుక్సాన్ చేస్తుందని నా రాయ్.

ఇది ఎక్కువగా పెద్ద వయసులో వచ్చే మర్జ్. ఒంట్లో పని అయిపోయిన కణం తనంతట తానే చనిపోవాలి. ఇందులో బి-లింఫోసైట్లు అనే తెల్లకణాలు తమ వక్త్ దాటినా బతికే ఉంటాయి. లోపల బీసీఎల్-2 అనే ప్రోటీన్ మోతాదు మించి పేరుకుని చావుకు అడ్డుపడుతుంది. ఈ ప్రోటీన్ పని కణాలను పెంచడం కాదు, చావకుండా కాపాడటం అని 1988లో మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు తేల్చారు. బయటి సహారా కూడా ఉంది. లింఫ్ గ్రంథుల్లో చుట్టుపక్కల కణాలు ‘బతుకు, బతుకు’ అని పైగామ్ పంపుతుంటాయి. ఒంట్లోంచి తీసి ల్యాబ్‌లో ఒంటరిగా ఉంచితే ఇవే కణాలు త్వరగా చచ్చిపోతాయి.

కొత్త దవాలు పనిచేసేది ఇక్కడే. 2014లో అమెరికాలో ఈ మర్జ్‌కు అనుమతి పొందిన ఇబ్రూటినిబ్, పైగామ్ మోసే బీటీకే అనే ఎంజైమ్‌ను ఆపుతుంది. 2016లో వచ్చిన వెనెటోక్లాక్స్ నేరుగా బీసీఎల్-2ను అడ్డుకుంటుంది.

అయితే లక్షణాలు లేనివాళ్లకు డాక్టర్లు ఏ దవా ఇవ్వరు. కొన్ని నెలలకోసారి రక్తపరీక్ష చేయించమంటారు, అంతే. దాన్ని మనవాళ్లు ‘ఇలాజ్ లేదన్నారు’ అని అర్థం చేసుకుని ఊళ్లు పట్టి తిరుగుతారు. ముందే మందు మొదలుపెట్టినంత మాత్రాన ఉమర్ పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ఇక్కడ ఇంతెజార్ కూడా ఇలాజే. కానీ జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, మెడలో గడ్డలు గమనించుకోవాల్సింది ఎవరు? ఆయనే. మర్జ్ పేరే తెలియని మనిషి దేన్ని గమనిస్తాడు?

వెనెటోక్లాక్స్ మొదలుపెడితే ఇంకో ఫికర్. 20 మిల్లీగ్రాములతో మొదలై ఐదు వారాల్లో 400కు చేరుస్తారు. కణాలు ఒక్కసారిగా చస్తే ఆ మలినాలతో గుర్దాలు దెబ్బతింటాయి కాబట్టి, ఆ రోజుల్లో నీళ్లు బాగా తాగాలి. అదే రంజాన్ అయితే? ‘తాఖత్ మందు’ అనుకుని మింగే అబ్బాజాన్ రోజా వదలరు. బీమార్‌కు దీన్ ఇచ్చిన రుక్సత్ తీసుకోవాలన్నా, తాను బీమార్ అని ఆయనకు తెలియాలి కదా!

దువా అందరం చేద్దాం. కానీ ముందు కూర్చోబెట్టి, ఆయన జబాన్‌లో, ఉన్నది ఉన్నట్టు చెబుదాం. ఆ ఒళ్లు ఆయనది. తెలుసుకునే హక్ కూడా ఆయనదే.