ఎల్మో చేసిన పాపం ఏమిటి?

అమెరికా పిల్లల టీవీ కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్' ఇక ఏమవుతుందన్న చర్చ అభిమానుల మధ్య వచ్చినప్పుడల్లా ఒక తీర్పు ముందే తయారుగా ఉంటుంది. అసలు కార్యక్రమం ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు నడుస్తున్నది ఆ పేరు పెట్టుకున్న బొమ్మల దుకాణం, పరువుగా ముగిస్తే మేలు. ముద్దాయి కూడా ఖాయమే: ఎర్ర బొచ్చు ఎల్మో. 1996 క్రిస్మస్‌కి, చక్కిలిగిలి పెడితే నవ్వే ఎల్మో బొమ్మ కోసం అమెరికా దుకాణాల్లో జనం తోసుకున్నారు. 1998లో కార్యక్రమంలోనే ఎల్మోకి ఒక సొంత భాగం ఇచ్చారు. ఆ కార్యక్రమం జరిగే వీధి అప్పుడే చెడిపోయిందట.

చెప్పేవాళ్ల వయసు చూడండి. మూడేళ్ల పిల్ల ఎవరూ ఈ ఫిర్యాదు చేయలేదు.

పోనీ, వాళ్లు తిరిగి రమ్మంటున్న ఆ 'అసలు' వీధి ఏది? 1969 జూలైలో ఫిలడెల్ఫియా పిల్లలకు నమూనా ఎపిసోడ్లు చూపించారు. బొమ్మలనీ మనుషులనీ కలిపితే పిల్లలు తికమకపడతారని మానసిక శాస్త్రవేత్తలు హెచ్చరించారు కాబట్టి వీధిలో మనుషులే ఉన్నారు. వీధి దృశ్యం రాగానే పిల్లలు చూపు తిప్పేసుకున్నారు. నిర్మాతలు ఆ సలహాను పక్కనపెట్టి బిగ్ బర్డ్ అనే పక్షి బొమ్మనీ చెత్తడబ్బాలో ఉండే ఆస్కార్ బొమ్మనీ వీధిలోకి దించారు. నవంబర్ 10న ప్రసారం మొదలైంది. అభిమానులు గుండెల్లో పెట్టుకున్న ఆ వీధే ఒక దిద్దుబాటు, అదీ పిల్లల చూపు పట్టుకుని చేసింది. మొదటి సీజన్‌లో ఆస్కార్ ఒంటి రంగు నారింజ. బిగ్ బర్డ్ అప్పుడు కాస్త మొద్దు, ఆ పసి మనసు తరవాత వచ్చింది. స్నఫలుపగస్ అనే బొమ్మ సంగతి ఇంకా పెద్దది. ఏళ్ల తరబడి అతను బిగ్ బర్డ్‌కి కనిపించేవాడు, వీధిలోని పెద్దవాళ్లు మాత్రం నమ్మేవాళ్లు కాదు. చూసేవాళ్లకు భలే నవ్వు. కానీ, నిజం చెప్పినా పెద్దలు నమ్మరన్న పాఠం పిల్లలకు ఎక్కితే, లైంగిక వేధింపులకు గురైన పిల్ల నోరు విప్పదన్న భయం నిర్మాతలకు పట్టుకుంది. 1985లో అతన్ని అందరికీ కనిపించేలా చేశారు. ఒక మంచి హాస్యం పోయింది. పోవలసిందే.

2006లో తొలినాటి ఎపిసోడ్లు డీవీడీలుగా వచ్చినప్పుడు వాటిమీద ఒక హెచ్చరిక ఉంది: ఇవి పెద్దవాళ్ల కోసం, నేటి బడి ఈడు రాని పిల్లల అవసరాలకు సరిపోకపోవచ్చు. అభిమానులు దాన్ని ఎగతాళి చేశారు. నాకైతే ఆ కార్యక్రమం తన గురించి చెప్పుకున్న అత్యంత నిజాయితీ గల మాట అదే అనిపిస్తుంది.

ఆ అభిమానుల దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. దుకాణదారు మిస్టర్ హూపర్ పాత్ర వేసిన విల్ లీ 1982 డిసెంబర్‌లో చనిపోతే, ఆ పాత్రను ఇంకొకరితో వేయించకుండా, ఊరు వెళ్లాడని బొంకకుండా, మిస్టర్ హూపర్ చనిపోయాడనీ తిరిగి రాడనీ 1983 నవంబర్‌లో పిల్లలకే చెప్పారు. ఆ ధైర్యం ఇప్పుడెక్కడ అంటారు. 2017లో ఆటిజం ఉన్న జూలియా అనే బొమ్మ అదే వీధిలోకి వచ్చింది. చెడిపోయిందంటున్న కాలంలోనే. 2016లో నటులు బాబ్ మెక్‌గ్రాత్‌నీ, ఎమిలియో డెల్గాడోనీ, రాస్కో ఆర్మన్‌నీ తప్పించిన తీరుమీద వాళ్ల కోపం మాత్రం న్యాయమైనదే. నలభై ఏళ్లకు పైగా ఆ వీధిలో ఉన్నవాళ్లను సాగనంపే పద్ధతి అది కాదు. ఇక గంట కార్యక్రమం అరగంట అయిందనీ, ఇప్పుడు ఒక్కో ఎపిసోడ్‌కి 11 నిమిషాల కథ ఒకటి పెట్టారనీ గోల. చిన్నపిల్లలు పొడుగు కథ పట్టుకోలేరన్న నమ్మకంతో 1969లో ముక్కలు ముక్కలుగా చేశారు. పట్టుకోగలరని తరవాత తేలింది. అంతే.

న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉన్న మన కుటుంబాలను చూడండి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో పెరిగిన తల్లిదండ్రులకు మిస్టర్ హూపర్ ఎవరో తెలియదు, ఎల్మో మీద పగ లేదు. పిల్లవాడికి నాలుగు అక్షరాలు వస్తున్నాయా, పక్కవాడితో వంతులవారీగా ఆడుకోవడం వస్తోందా అన్నదే వాళ్ల కొలత. నా లెక్కలో ఆ కార్యక్రమానికి సరైన విమర్శకులు వాళ్లే.

నిజంగా అరవవలసిన చోటు వేరే ఉంది. జోన్ గాంజ్ కూనీ, లాయిడ్ మోరిసెట్ ఈ కార్యక్రమాన్ని తలపెట్టింది బడికి ముందు చదువు కొనుక్కోలేని ఇళ్ల పిల్లల కోసం. తొలి ఏళ్లలో టీవీ సిగ్నల్ బాగా అందిన ప్రాంతాల పిల్లలు బడిలో తమ వయసుకు తగిన తరగతిలో ఉండే అవకాశం ఎక్కువని కియర్నీ, లెవీన్ అనే ఆర్థికవేత్తలు 2015లో చూపించారు. తేడా అంతా యాంటెన్నా దగ్గరే. అదే ఏడాది చందా ఛానెల్ హెచ్‌బీఓతో ఒప్పందం కుదిరింది. 2016 నుంచి కొత్త ఎపిసోడ్ డబ్బు కట్టే ఇంటికి ముందు, అప్పట్లో ప్రభుత్వ నిధులందుకున్న పీబీఎస్ చూసే ఇంటికి తొమ్మిది నెలల తరవాత అందేది. ఎవరూ కాదనలేదని అనను, కానీ ఎల్మో గొంతు మీద ఖర్చయినంత ఆవేశం దీనిమీద ఖర్చు కాలేదు.

2025 మేలో నెట్‌ఫ్లిక్స్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం కొత్త ఎపిసోడ్లు అదే రోజు పీబీఎస్‌లోనూ వస్తాయి. మంచిదే. అయితే ఆ జూలైలోనే అమెరికా కాంగ్రెస్ ప్రజా ప్రసారాలకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. ఆ డబ్బుమీద ఎక్కువగా ఆధారపడేవి పల్లె ప్రాంతాల చిన్న స్టేషన్లు. అలాంటి స్టేషన్ ఒకటి మూతపడితే, వేరే దారి లేని ఇంట్లో పిల్లకు తెరమీద ఎల్మో ఉన్నా ఒకటే, తొలినాటి కప్ప బొమ్మ కెర్మిట్ ఉన్నా ఒకటే.